సొంత గడ్డపై ఆడే హక్కు
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకోవడానికి ఏర్పాటైన సభలో ఫుట్‌బాల్ ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. చదువు, ఉపాధి, నివాసం, ప్రాణరక్షణ వంటి సమస్యలు ఇన్ని ఉండగా బంతి గురించి చర్చ దేనికని అడగవచ్చు. ఆ ప్రశ్న సమంజసమైనదే. అయితే ఒక దేశాన్ని ‘ప్రమాదకరం’ అని ప్రకటించే అధికారం ఎవరిది? ఆ ప్రకటనకు ఆధారమేమిటి? అది ఎంతకాలం నిలవాలి? దాని భారాన్ని ఎవరు మోయాలి? ఇవి హక్కుల ప్రశ్నలే. యుద్ధంలో నలిగిన దేశాలలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరగవచ్చా, జరగరాదా అన్న వివాదంలో ఈ ప్రశ్నలన్నీ ఒక్కచోట ఎదురవుతాయి. అందుకే ఈ పూట మేము ఆ విషయాన్ని మీ ముందుంచుతున్నాము.

2007 జులై 29వ తేదీని ఒకసారి గుర్తు చేసుకుందాము. జకార్తా నగరంలో ఆసియా కప్ తుది పోరు. ఒకవైపు సౌదీ అరేబియా, మరొకవైపు ఇరాక్. కుర్దు ఆటగాడు హవార్ ముల్లా మొహమ్మద్ కార్నర్ నుంచి పంపిన బంతిని కిర్కుక్‌కు చెందిన నాయకుడు యూనిస్ మహమూద్ తలతో గోల్‌లోకి పంపాడు. ఒకటి–సున్నా తేడాతో ఇరాక్ ఆసియా విజేత అయింది. ఆ జట్టులో షియాలున్నారు, సున్నీలున్నారు, కుర్దులున్నారు. వీధులలో ఒకరినొకరు చంపుకుంటున్న రోజులలో వారు ఒకే చొక్కా తొడుక్కుని ఆడారు.

ఆ విజయానికి నాలుగు రోజుల ముందు సెమీఫైనల్‌లో దక్షిణ కొరియాపై గెలిచిన రాత్రి బాగ్దాద్‌లో సంబరాలు చేసుకుంటున్న జనం మధ్య కారు బాంబులు పేలాయి. సుమారు 50 మంది మరణించారు. పండుగ చేసుకోవడానికి వీధిలోకి వచ్చినవారు తిరిగి ఇంటికి చేరలేదు. ఆటగాళ్లు ఆ వార్త విని, ఆ దుఃఖంతోనే ఫైనల్ ఆడారు. ఆసియాలోకెల్లా మేటి అనిపించుకున్న ఆ జట్టుకు అప్పుడు సొంత దేశంలో ఒక్క అధికారిక మ్యాచ్ ఆడే వీలు కూడా లేదు.

ఈ ఒక్క కథలోనే వివాదం రెండు వైపులా ఉంది. ప్రమాదం కల్పన కాదు, అది నిజం. సొంత గడ్డపై ఆడాలన్న కోరిక కూడా అంతే నిజం. వీటిలో ఏ ఒక్కదానినీ కాదని మాట్లాడేవారు మనకు సత్యం చెప్పడం లేదు.

సొంత మైదానం అంటే ఏమిటి

ప్రపంచ కప్ అర్హత పోటీలలో ప్రతి జట్టూ ప్రత్యర్థితో సాధారణంగా రెండుసార్లు ఆడుతుంది. ఒకటి ఇంటి దగ్గర, మరొకటి పొరుగింట. ఇంటి దగ్గర ఆడే జట్టుకు తెలిసిన గాలి, తెలిసిన పచ్చిక, తన భాషలో కేకలు వేసే వేలాది గొంతులు తోడుంటాయి. టిక్కెట్ల ఆదాయం ఆ దేశపు సమాఖ్యకు అందుతుంది. తండ్రి భుజాల మీద కూర్చుని ఆట చూసిన పిల్లవాడు మరునాడు వీధిలో బంతి పట్టుకుంటాడు. ఈ ఏర్పాటు అందరికీ సమానం కాబట్టే పోటీ న్యాయమైనదవుతుంది.

అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా, ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక దేశంలో భద్రత లేదని భావిస్తే ఆ జట్టు మ్యాచ్‌ను తటస్థ వేదికకు మారుస్తాయి. పట్టికలో మాత్రం దానిని ‘సొంత మ్యాచ్’ అనే పిలుస్తారు. ఆడేది పరాయి దేశంలో. గ్యాలరీలు తరచుగా ఖాళీ. విమాన ఖర్చు, బస ఖర్చు తన మీదే. ప్రత్యర్థి మాత్రం తన ఇంట తన జనం ముందే ఆడుతుంది. కాగితం మీది సమానత్వం మైదానంలో మిగలదు.

ఇరాక్‌కు ఈ అనుభవం కొత్త కాదు. బాగ్దాద్‌లో అల్ షాబ్ స్టేడియం 1966లో ప్రారంభమైనప్పుడు పోర్చుగల్‌కు చెందిన బెన్ఫికా జట్టు, మహా ఆటగాడు యుసేబియోతో సహా వచ్చి ఆడింది. అలాంటి నగరానికి 1980లో మొదలైన ఇరాన్–ఇరాక్ యుద్ధం తరువాత అతిథులు రావడం తగ్గిపోయింది. 1986 ప్రపంచ కప్ అర్హత పోటీలలో ఇరాక్ తన సొంత మ్యాచ్‌లను పరాయి దేశాలలోనే ఆడింది. వాటిలో ఒకటి, 1985 మే నెలలో ఖతార్‌తో ఆడిన మ్యాచ్, మన దేశంలో, కలకత్తా నగరంలో జరిగింది. ఇరాక్ గెలిచింది. ఇల్లు లేని జట్టుకు ఒక పూట మన గడ్డ ఇల్లయిందన్న మాట. ఆ జట్టే 1986లో మెక్సికో ప్రపంచ కప్‌కు చేరింది.

మరొక చేదు సంగతి కూడా చెప్పాలి. సద్దాం హుస్సేన్ కుమారుడు ఉదయ్ హుస్సేన్ ఇరాక్ క్రీడారంగాన్ని ఏలిన కాలంలో, ఓడిపోయిన ఆటగాళ్లను బంధించి హింసించారని ఆటగాళ్లే తరువాత సాక్ష్యం చెప్పారు. 1997లో ఫిఫా విచారణ బృందం వెళ్లింది. ఆధారాలు లేవని తిరిగి వచ్చింది. భద్రత గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతిని మరవరాదు. వచ్చే అతిథికి ప్రమాదముందా అని చూసే కళ్లు, ఆ ఇంటి బిడ్డ శరీరం మీది గాయాన్ని చూడలేకపోయాయి.

తెరిచిన తలుపు, మూసిన తలుపు

2003 దాడి తరువాత ఇరాక్ ఆరేళ్లు వేచి చూసింది. 2009 జులైలో పాలస్తీనా జట్టు ముందుగా ఎర్బిల్‌లోను, తరువాత బాగ్దాద్‌లోను స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడింది. ఎవరూ రాని ఇంటికి మొదట వచ్చిన అతిథి, తానే ఇల్లు కోసం పోరాడుతున్న పాలస్తీనా కావడం గమనించండి.

2011 సెప్టెంబరు 2న ఎర్బిల్‌లో జోర్డాన్‌తో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ జరిగింది. ఇరాక్ ఓడింది. ఆ తరువాత భద్రతా కారణాలు చూపి ఫిఫా ఇరాక్ సొంత మ్యాచ్‌లను తటస్థ వేదికలకు తరలించింది. దోహా, టెహ్రాన్, మలేషియా ఇరాక్‌కు ‘సొంత మైదానాలు’ అయ్యాయి. 2013 మార్చిలో స్నేహపూర్వక మ్యాచ్‌లకు అనుమతి వచ్చింది. సిరియా జట్టు బాగ్దాద్‌కు వచ్చి ఆడింది. కొద్ది నెలలకే హింస పెచ్చుమీరడంతో ఆ అనుమతి కూడా రద్దయింది. బస్రాలో 65,000 మంది పట్టే కొత్త స్టేడియం అదే సంవత్సరం సిద్ధమైంది. అక్కడ జరగవలసిన 2013 గల్ఫ్ కప్ బహ్రెయిన్‌కు, ఆ తరువాతి 2014 గల్ఫ్ కప్ రియాద్‌కు తరలిపోయాయి. పెళ్లి పందిరి వేసిన ఇంటి నుంచి రెండుసార్లు ముహూర్తం వెనక్కి వెళ్లింది.

2017లో స్నేహపూర్వక మ్యాచ్‌లకు, 2018 మార్చిలో బస్రా, కర్బలా, ఎర్బిల్ నగరాలలో అధికారిక మ్యాచ్‌లకు అనుమతి లభించింది. 2019 అక్టోబరు 10న బస్రాలో హాంకాంగ్‌పై ఇరాక్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడి గెలిచింది. ఎనిమిదేళ్ల తరువాత! 2011లో పదేళ్ల వయసున్న బాలుడు ఆ నాటికి పద్దెనిమిదేళ్ల యువకుడు. అతని బాల్యమంతా తన దేశపు జట్టును టీవీలో పరాయి దేశపు గ్యాలరీల మధ్యనే చూశాడు.

ఆ సంతోషం నెల తిరగకముందే చెదిరింది. అదే అక్టోబరులో ఇరాక్ వీధులలో యువత అవినీతికి, నిరుద్యోగానికి వ్యతిరేకంగా ఉద్యమించింది. ఆ ఉద్యమాన్ని తుపాకులతో అణచివేశారు. నవంబరులో ఇరాన్‌తో జరగవలసిన మ్యాచ్‌ను జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు మార్చారు. మళ్లీ 2022 మార్చిలో ఎర్బిల్ మీద క్షిపణులు పడ్డాయి. ఆ వారంలోనే బాగ్దాద్‌లో జాంబియాతో స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. మరికొన్ని రోజులకు అదే నగరంలో ఎమిరేట్స్‌తో జరగవలసిన అర్హత మ్యాచ్ మాత్రం రియాద్‌కు వెళ్లిపోయింది.

చివరికి 2023 జనవరిలో గల్ఫ్ కప్ బస్రాకు వచ్చింది. గల్ఫ్ దేశాల నుంచి వచ్చిన అతిథులను బస్రా వాసులు తమ ఇళ్లకు పిలిచి అన్నం పెట్టిన దృశ్యాలను ప్రపంచం చూసింది. ఫైనల్‌లో ఒమన్‌ను మూడు–రెండు తేడాతో ఓడించి ఇరాక్ కప్ గెలిచింది. 2025 నవంబరులో అదే నగరంలో ఎమిరేట్స్‌పై ఆఖరి నిమిషాల పెనాల్టీతో గెలిచి ప్రపంచ కప్ ఆశను నిలుపుకుంది. తలుపు తెరిస్తే ఏం జరుగుతుందో బస్రా చూపింది.

గోడ పక్కన మైదానం

ఇరాక్ కథలో అడ్డు బాంబు. పాలస్తీనా కథలో అడ్డు గోడ, చెక్‌పోస్టు. పాలస్తీనా 1998లోనే ఫిఫా సభ్యదేశం అయింది. కాని తన గడ్డపై తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడడానికి పదేళ్లు పట్టింది. 2008 అక్టోబరు 26న జెరూసలేం సమీపంలోని అల్ రామ్ పట్టణంలో, ఫైసల్ అల్ హుస్సేనీ స్టేడియంలో జోర్డాన్‌తో ఆడి ఒకటి–ఒకటితో సమం చేసింది. ఆ మైదానానికి కొద్ది దూరంలోనే ఇజ్రాయెల్ కట్టిన గోడ ఉంది. 2011 జులై 3న అక్కడే అఫ్ఘానిస్తాన్‌తో తొలి సొంత ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ ఆడింది. అఫ్ఘాన్ జట్టు తన వంతు ‘సొంత’ మ్యాచ్‌ను తజికిస్తాన్‌లో ఆడి వచ్చింది. ఒకరికి ఇల్లు దొరికిన రోజున ఎదుటివారికి ఇల్లు లేదు.

ఇక్కడ భద్రత ప్రశ్నకు మరొక ముఖం ఉంది. అల్ రామ్‌కు చేరాలంటే ఇజ్రాయెల్ అధీనంలోని దారులు దాటాలి. గాజా ఆటగాడు తన జట్టులో చేరడానికి కూడా పరాయి అధికారి అనుమతి పొందాలి. 2015లో సౌదీ జట్టు ఆ దారిన రావడానికి అంగీకరించలేదు. మ్యాచ్ అమ్మాన్‌కు మారింది. నాలుగేళ్ల తరువాత, 2019 అక్టోబరులో, అదే సౌదీ జట్టు అల్ రామ్‌కు వచ్చి ఆడింది. రాకపోవడం వెనుక కారణం ఉంది, రావడం వెనుక కూడా కారణం ఉంది. రెండు నిర్ణయాలనూ రాజకీయమే నడిపింది. మైదానం మాత్రం అదే.

2023 అక్టోబరు తరువాత పాలస్తీనా సొంత మ్యాచ్‌లు కువైట్, దోహా, కౌలాలంపూర్, అమ్మాన్‌లకు చెదిరిపోయాయి. 2024 జనవరిలో ఆ జట్టు తొలిసారిగా ఆసియా కప్ నాకౌట్ దశకు చేరింది. అప్పటికే గాజాలో స్టేడియాలు మైదానాలుగా మిగలలేదు. 2025 ఆగస్టులో జాతీయ జట్టు మాజీ ఆటగాడు సులేమాన్ అల్ ఒబైద్ గాజాలో సహాయం కోసం వేచి ఉండగా ఇజ్రాయెల్ దాడిలో మరణించాడని పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య నివాళి అర్పించింది. ఆయన ఎలా మరణించాడో మాత్రం చెప్పలేదు. ఎలా, ఎక్కడ, ఎందుకు మరణించాడని ఈజిప్టు ఆటగాడు మొహమ్మద్ సలా బహిరంగంగా అడిగాడు. ఆ ప్రశ్న ఒక్క వాక్యమే. కాని భద్రత గురించి అడగవలసిన అసలు ప్రశ్న అదే.

సిరియా 2011 తరువాత ఏళ్ల తరబడి పరాయి మైదానాలలోనే ఆడింది. 2017లో మలేషియాలోని మలక్కాను సొంతిల్లుగా చేసుకుని ప్రపంచ కప్ అంచుల దాకా వెళ్లింది. 2013 ఆగస్టులో కాబూల్‌లో పాకిస్తాన్ జట్టు వచ్చి ఆడింది. పదేళ్ల తరువాత ఆ నగరంలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ అది. అఫ్ఘాన్ జట్టు మూడు–సున్నాతో గెలిచింది. తరువాత మళ్లీ తలుపు మూతపడింది. మన భారత జట్టు ఆ అఫ్ఘాన్ జట్టు ‘ఇంటికి’ వెళ్లి 2019లో దుషాన్బేలో, 2024లో సౌదీ నగరం అభాలో ఆడింది. అభాలో మ్యాచ్ సమంగా ముగిసింది. ఆ వెంటనే గువాహటిలో ఇల్లు లేని ఆ జట్టు మన ఇంట మనలను ఓడించింది.

అఫ్ఘాన్ మహిళల సంగతి చెప్పకుండా ముందుకు సాగితే మేము న్యాయం చేసినవారం కాము. 2021 ఆగస్టు తరువాత ఆ దేశపు మహిళా ఆటగాళ్లు ప్రాణాలు చేతబట్టుకుని దేశం విడిచారు. అనేకులు ఆస్ట్రేలియాలో ఆశ్రయం పొందారు. పురుషుల జట్టుకు కనీసం పరాయి దేశంలో జాతీయ జెండా దొరుకుతోంది, వారికి ఏళ్ల తరబడి అది కూడా దొరకలేదు. ఒక మైదానం అతిథికి క్షేమమైనదా అని అడిగినప్పుడు, ఆ ఇంటి ఆడబిడ్డకు క్షేమమైనదా అని కూడా అడగాలి. బయటివారు మూసిన తలుపును ప్రశ్నించి, లోపలివారు మూసిన తలుపును విడిచిపెట్టడం హక్కుల మార్గం కాదు.

కొలత అందరికీ ఒకటేనా

ఇదంతా ముస్లిం దేశాలపై వివక్షే అని మన సభలలో సులభంగా అనేస్తారు. తొందరపడవద్దని మనవి. 1972లో ఉత్తర ఐర్లాండ్‌లో కల్లోలం ముదిరినప్పుడు, వారి జట్టు తన సొంత మ్యాచ్‌ను స్పెయిన్‌తో ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో ఆడవలసి వచ్చింది. మూడేళ్లకు పైగా అలాగే సాగింది. నేడు ఉక్రెయిన్ తన సొంత మ్యాచ్‌లను పోలండ్ వంటి దేశాలలో ఆడుతోంది. ఇజ్రాయెల్ మ్యాచ్‌లు కూడా హంగరీకి తరలాయి. కనుక నియమం ఒక్క మతానికి కట్టినది కాదు. ఈ మాట ఒప్పుకుంటేనే మన వాదానికి బలం.

అయితే అదే ఉత్తర ఐర్లాండ్ ఉదాహరణను చివరి దాకా చదవాలి. 1975 ఏప్రిల్‌లో యుగోస్లావియా జట్టు బెల్‌ఫాస్ట్‌కు వచ్చి ఆడింది. అప్పటికి అక్కడ శాంతి వచ్చిందా? రాలేదు. శాంతి ఒప్పందం 1998లో గాని కుదరలేదు. అంటే ఘర్షణ పూర్తిగా ముగిసే దాకా వేచి ఉండకుండానే, ఒక నగరాన్ని, ఒక మైదానాన్ని విడిగా పరిశీలించి తలుపు తెరవడం సాధ్యమేనని ఐరోపా యాభై ఏళ్ల క్రితమే నిరూపించుకుంది.

2015 నవంబరు 13న పారిస్‌లో ఫ్రాన్స్, జర్మనీ జట్లు ఆడుతుండగా స్టేడియం వెలుపల ఆత్మాహుతి దాడులు జరిగాయి. ఆ రాత్రి నగరమంతటా 130 మంది మరణించారు. మరుసటి సంవత్సరం జూన్‌లో ఐరోపా కప్ అదే దేశంలో, ఆరంభ మ్యాచ్ అదే స్టేడియంలో జరిగాయి. 2017 ఏప్రిల్‌లో జర్మనీలో డార్ట్‌మండ్ జట్టు బస్సు పక్కన బాంబులు పేలాయి. వాయిదా పడిన మ్యాచ్ మరునాడే ఆడించారు. అది తప్పని మేము అనడం లేదు. భయానికి లొంగకూడదన్న ఆ నిర్ణయం సాహసమైనది. ఫ్రాన్స్‌కు కట్టుదిట్టమైన పోలీసు వ్యవస్థ ఉంది, ఇరాక్‌కు అంత లేదు అన్న తేడా కూడా మాకు తెలుసు. మేము అడిగేది ఒక్కటే. పారిస్‌లో బాంబు పేలితే ‘భద్రత పెంచండి’ అన్నారు, బాగ్దాద్‌లో పేలితే ‘మ్యాచ్ తీసేయండి’ అన్నారు. ధనికుడి ఇంటికి నిప్పంటుకుంటే నీళ్లు, పేదవాడి ఇంటికి అంటుకుంటే తాళమా?

మరణం ఏ ద్వారం నుంచి వస్తుంది

భద్రత అనగానే మనకు బాంబు గుర్తుకు వస్తుంది. కాని స్టేడియాలలో అధిక ప్రాణనష్టం యుద్ధం వల్ల జరగలేదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో తొక్కిసలాటకు 16 మంది బలయ్యారు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో విషాదం 97 ప్రాణాలు తీసుకుంది. 2012 ఫిబ్రవరిలో ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో 70 మందికి పైగా మరణించారు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు ప్రయోగించగా, ఇరుకు ద్వారాల దగ్గర నలిగి 135 మంది చనిపోయారు. ఈ నాలుగు చోట్లా యుద్ధం లేదు. అజాగ్రత్త ఉంది, కొన్నిచోట్ల పోలీసుల తప్పు ఉంది.

అంతగా సంతోషపెట్టిన బస్రాలో కూడా, 2023 ఫైనల్ రోజున స్టేడియం ద్వారాల దగ్గర తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి, పదుల మంది గాయపడ్డారు. టిక్కెట్టు లేనివారు వేలాదిగా వచ్చారు, ద్వారాల దగ్గర అదుపు తప్పింది. ఇది శత్రువు చేసిన పని కాదు. కాబట్టి ఆతిథ్యం అడిగే దేశం తన బాధ్యతను కూడా ఒప్పుకోవాలి. సొంత గడ్డపై ఆడే హక్కు కోరేవారు ఆ గడ్డపైకి వచ్చిన ప్రతి ప్రేక్షకుడి ప్రాణానికి పూచీ పడాలి. హక్కు, బాధ్యత ఒకే బంతికి రెండు సగాలు.

ఇక మరొక మాట. 2016 మార్చి 25న బాగ్దాద్‌కు దక్షిణంగా ఇస్కందరియా సమీపంలోని ఒక పల్లె మైదానంలో స్థానిక పోటీ ముగిసి కప్పు అందజేస్తున్న వేళ ఆత్మాహుతి దాడి జరిగింది. ముప్పై మందికి పైగా చనిపోయారు, వారిలో అనేకులు బాలురు. ఐసిస్ ఆ దాడి తనదని ప్రకటించుకుంది. 2014 నవంబరులో అఫ్ఘానిస్తాన్‌లోని పక్తికాలో వాలీబాల్ పోటీ చూస్తున్న జనం మీద ఇటువంటి దాడే జరిగింది. మరణించినవారూ ముస్లింలే, చంపినవారు ఆ మతం పేరునే వాడుకున్నారు. ఈ నిజాన్ని మనమే మొదట చెప్పాలి, మనమే గట్టిగా ఖండించాలి.

ఆ పల్లె మైదానాలకు ఏ అంతర్జాతీయ పరిశీలకుడూ రాడు. అక్కడి ఆటను తటస్థ వేదికకు తరలించేవారూ లేరు. అతిథి జట్టు రెండు రోజులుండి విమానమెక్కి వెళ్లిపోతుంది. ఆ బాలురు మరునాడు కూడా అక్కడే ఉండాలి. మ్యాచ్ రద్దు చేసినంత మాత్రాన ఆ దేశం సురక్షితం కాదు. ప్రమాదం మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే.

మనం కోరవలసినది

కనుక మేము నాలుగు విషయాలు కోరుతున్నాము. మొదటిది, నిర్ణయం దేశం మొత్తానికి కాక, నగరం వారీగా, మైదానం వారీగా ఉండాలి. 2018లో బస్రా, కర్బలా, ఎర్బిల్‌లను విడిగా గుర్తించిన పద్ధతే సరైనది. రెండవది, నిరాకరణకు కారణాలు రాతపూర్వకంగా ప్రకటించాలి, ఏమేమి సరిదిద్దుకుంటే అనుమతి వస్తుందో అందులోనే చెప్పాలి. మూడవది, ప్రతి నిషేధానికీ పునఃపరిశీలన గడువు ఉండాలి. గడువు లేని నిషేధం శిక్షగా మారుతుంది. నాలుగవది, ఇల్లు కోల్పోయిన జట్టు ఖర్చును ఆ జట్టు మీదే వేయకుండా, ప్రపంచ కప్ ద్వారా అపారమైన ఆదాయం పొందే సంస్థలే పంచుకోవాలి. ద్వారాలు, దారులు, వైద్య సదుపాయం మెరుగుపరచడానికి తోడ్పడాలి. ఇందులో ఏదీ అతిథి ప్రాణాన్ని పణంగా పెట్టమని అడగడం లేదు. క్షిపణులు పడుతున్న వారంలో మ్యాచ్ తరలించడాన్ని మేము తప్పుపట్టము. వారం కోసం చేసిన నిర్ణయం ఎనిమిదేళ్లు నిలవడాన్ని తప్పుపడుతున్నాము.

ఈ విషయం మన పేటలకు దూరమైనది కాదు. మా పిల్లల కోసం ఒక చిన్న ఫుట్‌బాల్ పోటీ పెట్టుకుంటామని ఒకసారి ఒక కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చాము. ‘అది సున్నిత ప్రాంతం కదా’ అన్నారు. ఏ సంఘటన వల్ల సున్నితమైంది, ఎప్పటి నుంచి, ఏం చేస్తే ఆ పేరు పోతుంది అని అడిగాము. జవాబు రాలేదు. పిల్లలు పోటీని ఊరి అవతలి మైదానంలో ఆడారు. తల్లులు చూడడానికి రాలేకపోయారు. ఇరాక్ ఆటగాళ్ల బాధతో మాది పోల్చదగినది కాదు, ఆ తేడా మాకు తెలుసు. కాని కారణం చెప్పని, గడువు లేని ముద్ర ఎలా పనిచేస్తుందో ఆ రోజు మా పిల్లలకు అర్థమైంది.

చివరగా మన హైదరాబాద్ బిడ్డను తలచుకుని ముగిస్తాము. సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడిగా జీవితం ప్రారంభించి, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఆ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని ఒక భారత క్రీడాధికారి విమర్శించారు. దానితో ఇండోనేషియాలో ఆగ్రహం రగిలింది. ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు రోజు జకార్తాలోని భారత రాయబార కార్యాలయంపై జనం దాడి చేశారు. మరునాడు, సెప్టెంబరు 4న, గేలి చేస్తున్న గ్యాలరీల మధ్య రహీం గారి జట్టు దక్షిణ కొరియాను రెండు–ఒకటితో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికే కేన్సర్‌తో బాధపడుతున్న ఆయన మరుసటి సంవత్సరం కన్నుమూశారు.

మ్యాచ్ రద్దు కాలేదు. ఆతిథ్య నగరం తన బాధ్యత నెరవేర్చింది. అతిథి జట్టు తన ధైర్యం చూపింది. నలభై ఐదేళ్ల తరువాత అదే జకార్తాలో, ఇల్లు లేని ఇరాక్ ఆసియా కప్ అందుకుంది. ఈ రెండు విజయాల నడుమ మనం నేర్చుకోవలసినది ఉంది. అతిథి ప్రాణం ఎంత విలువైనదో, ఆ ఇంటి బాలుడి ప్రాణమూ అంతే విలువైనది. ఇద్దరినీ కాపాడే ఏర్పాటు అడుగుదాము. మన పిల్లలు తమ వీధిలో, తమ తల్లుల కళ్లెదుట ఆడుకునే రోజు కోసం ఇక్కడ కూడా అదే అడుగుదాము.